గిన్నె ఆగినా తిరిగే నీళ్ళు

మా ఆయన కల్లు కాంపౌండ్ గోడ పట్టుకుని నిలబడ్డ వీడియోను నేను మొదటిసారి చూసింది ఆయన పనిచేసే ప్రైవేటు జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ ఫోన్లో. ఎవరో రోడ్డుకు అవతలి వైపు నుంచి తీశారు. పొద్దుటి ఎండ. ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు. రెండు అరచేతులూ గోడకు ఆనించి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. కొంచెంసేపటికి గోడ వదిలి ఒక అడుగు వేశాడు, పక్కకు తూలాడు, మళ్ళీ గోడను దొరకబుచ్చుకున్నాడు. తీస్తున్నవాళ్ళ నవ్వు వినిపించింది. అక్కడితో అయిపోయింది.

ప్రిన్సిపాల్ ఫోను బల్ల మీద బోర్లించి, నా మొహం వైపు చూడకుండా మాట్లాడాడు. ఆ వీడియో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందనీ, ఒక పిల్ల తండ్రి పొద్దున్నే వచ్చి ఇలాంటి సారు ఆడపిల్లలకు పాఠం చెప్పడమేమిటని అడిగి పోయాడనీ చెప్పాడు. సారును తానేమీ అనలేదట. అనలేకే నన్ను పిలిపించాడట.

"ఆయన తాగడు సార్," అన్నాను.

"నాకెరికె మేడం. ఇన్నేండ్లల్ల నేనెన్నడు చూడలే. మరి పొద్దుగాల పొద్దుగాల గా గోడెందుకు పట్టుకున్నడు?"

జవాబు నా నాలుక మీదే ఉంది. చెప్పనని ఆయనకు మాటిచ్చాను. ఆ కాలేజీలో ఉద్యోగం ఏడాదికోసారి మళ్ళీ ఖాయం చేసుకోవాల్సిన ఉద్యోగం. రెండేళ్ళ కింద లెక్కల సారుకు చూపు తగ్గినప్పుడు ఆ వేసవిలో కొత్త ఏడాదికి రమ్మని ఎవరూ ఆయనకు ఫోను చేయలేదు. అది చూసినవాడు కాబట్టి మా ఆయన నాతో ఒకటే మాట అన్నాడు. "తాగుతడంటే మానుకొమ్మంటరు. జబ్బంటే నౌకరే మానిపిస్తరు."

ప్రిన్సిపాల్ తనే ఒక దారి చూపించాడు. నిజంగా మంచి మనసుతోనే చూపించాడు.

"వచ్చేవారం సారు స్టూలు పాఠం ఉంటది గద. ఎప్పటిలెక్క స్టూలు మీద కూసోని, గిరగిర తిరిగి, దిగి, సక్కగ నిలబడి చెప్పమను. తాగినోడు గది చేస్తడా? పిల్లలే ఇండ్లల్ల చెప్పుకుంటరు. మాటలు అవే బందైతయి."

మా ఆయన చేయలేనిది ఈ లోకంలో ఇప్పుడు అదొక్కటే.

ఆ స్టూలు గురించి చెప్పాలి. మా పెళ్ళయిన కొత్తలో మెదక్ రోడ్డులో ఒక వెల్డింగ్ షాపులో చేయించాడు. గుండ్రటి చెక్క, దాని కింద పాత జీపు చక్రంలోంచి తీసిన బేరింగు, మూడు ఇనుప కాళ్ళు. వేలితో నెడితే చాలు, చప్పుడు లేకుండా చాలాసేపు తిరుగుతుంది. కాలేజీకి తీసుకుపోయేముందు దాని మీద మొదట తిప్పింది నన్నే. చేతుల్లో రెండు తూకపు రాళ్ళు పెట్టి, చేతులు చాపమని, మెల్లగా ఒకసారి తిప్పి వదిలాడు. "ఇగ చేతులు దగ్గరికి తీస్కో," అన్నాడు. తీసుకున్నాను. ఎవరూ నెట్టకుండానే నా వేగం పెరిగింది. కొంగు ఎగిరింది, ఇల్లంతా గీతలైపోయింది. చేతులు చాపితే మళ్ళీ నెమ్మదించింది. బరువు ఇరుసుకు దగ్గరైతే తిరుగుడు పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది, మొత్తం మాత్రం మారదు. దాని పేరు కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమమని ఆయన చెబుతుంటే, పదో తరగతి దాటని నాకు ఆ పేరు నోరు తిరగలేదు గానీ విషయం ఒంటికే తెలిసింది.

క్లాసులో ఆయనకొక పద్ధతి ఉండేది. స్టూలు మీద ముందు తను కూర్చుంటాడు, తర్వాతే పిల్లలు. సారు తిరిగాక గానీ ఎవ్వరూ తిరగకూడదు. తిరుగుతున్న సైకిలు చక్రం చేతిలో పట్టుకుని దాన్ని బోర్లిస్తే స్టూలు తనంతట తను అటు తిరగడం, తూకపు రాళ్ళు దగ్గరికి లాక్కుని గిర్రున తిరగడం, దిగి నవ్వుతూ చాక్‌పీసు అందుకోవడం. సిద్దిపేటలో ఇంటర్ చదివిన చాలామందికి ఆయన పేరు గుర్తుండకపోవచ్చు. స్టూలు సారు అంటే గుర్తుపడతారు.

ఇక నా చదువు. పది తర్వాతిదంతా గ్రంథాలయంలో చదువుకున్నదే. ఈ సంగతి ఎవరూ అడగకముందే చెబుతానని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేయనీ. ఇంట్లో జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం మిషను ఆపి, లైబ్రరీకి పోతాను. పేపర్ల దగ్గర మగవాళ్ళు, లోపల పోటీ పరీక్షల పిల్లలు. సైన్సు అల్మారా దగ్గర మాత్రం ఎప్పుడూ జాగ ఖాళీయే. ఆయన పాఠాలు ఇంట్లో బట్టీ వేస్తూ తిరుగుతుంటే అర్థం చేసుకోవాలని మొదలుపెట్టిన చదువు, తర్వాత నాదే అయింది. ఏ పుస్తకం ఏ అరలో ఉందో అడిగితే లైబ్రేరియన్ కంటే ముందు నేనే చెబుతాను. అందుకే మా ఇంట్లో నా పేరు లైబ్రరీ మేడం.

జబ్బు వానాకాలంలో మొదలైంది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని, "చెవుల బోరు మోటరు నడిసినట్టున్నదే," అన్నాడు. తర్వాత లేవబోయి పీట మీదే కూలబడ్డాడు. ఇల్లు తిరుగుతోందన్నాడు. కళ్ళు మూసినా తిరుగుతోందన్నాడు. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు బీపీ అన్నారు, మా ఆడబిడ్డ నిమ్మకాయ తిప్పి పోయింది. నేను లైబ్రరీకి పరుగెత్తాను. నర్సుల చదువు పుస్తకం పాతదొకటి దొరికింది. చెవి లోపల సగం గుండ్రంగా వంగిన మూడు సన్నటి గొట్టాలు, వాటి నిండా నీళ్ళలాంటి ద్రవం, ఆ ద్రవంలో వంగే సన్నటి వెంట్రుకలు. తలను తిప్పితే ద్రవం వెనకబడుతుంది, వెంట్రుక వంగుతుంది, తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది.  ఆయన స్టూలు, ఆయన నియమం, ఆయన చెవిలోనే ఉన్నాయి.

అదే పుస్తకంలో, ఆ గొట్టాల్లోకి చిన్న రేణువులు జారితే తల తిరుగుతుందనీ, తలను ఫలానా విధంగా వంచితే సర్దుకుంటుందనీ రాసి ఉంది. జబ్బు దొరికిపోయిందని ఇంటికొచ్చి ఆయనకు గట్టిగా చెప్పాను. దవాఖానలో చెవి డాక్టరమ్మ నేను చెప్పిందంతా ఓపికగా విని, ఆయన వినికిడి పరీక్ష చేసి, అది కాదన్నది. లోపలి చెవిలో ద్రవం ఒత్తిడి పెరగడమట. వస్తుందట, పోతుందట, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరట. ఎడమ చెవి వినికిడి మెల్లగా తగ్గవచ్చట. ఉప్పు తగ్గించమంది, గిరగిర తిరిగే పనులు వద్దంది. నేను సరైన అల్మారా దగ్గరికే పోయి పక్క పుస్తకం తీసుకున్నట్టయింది.    ఆ రోజు నుంచి మా ఇంట్లో తొక్కు జాడీ మూత తీయలేదు.

బండి నడపడం మానేశాడు. స్కూటీ మీద నేనే కాలేజీ దగ్గర దించి వచ్చేదాన్ని. దిగాక నా భుజం పట్టుకుని ఒక క్షణం నిలబడి, అప్పుడు నడిచేవాడు. గేటు దగ్గర పిల్లలు అది చూసేవాళ్ళు. నాకు జాకెట్ల పని ఒత్తిడిగా ఉన్న ఒక రోజు, నడిచే పోతానని పట్టుబట్టాడు. ఆ నడకలోనే తల తిరిగింది. అప్పుడు అందినది కల్లు కాంపౌండ్ గోడ. పది అడుగులు ముందుకు పోయి ఉంటే మెడికల్ షాపు గోడ అందేది.

సాయంత్రాలు కోమటి చెరువు మీద వేలాడే వంతెన దగ్గరికి పోయేవాళ్ళం. అక్కడ నడిచేవాళ్ళందరూ తూలుతారు. పిల్లలు కావాలని ఊపుతారు, పెద్దలు తాళ్ళు పట్టుకుని నవ్వుతారు. ఆ వంతెన మీద ఆయన కూడా అందరిలాగే తాడు పట్టుకుని నిలబడేవాడు. ఎవ్వరూ మళ్ళీ చూసేవాళ్ళు కాదు. ఇంటికి పోదామంటే ఇంకొంచెంసేపు అనేవాడు.

ప్రిన్సిపాల్ మాట ఆయనకు చెప్పాను. మర్నాడు ఆదివారం స్టూలును కాలేజీ నుంచి ఆటోలో ఇంటికి తెప్పించాడు. వెనక వాకిట్లో పెట్టి, తూకపు రాళ్ళు చేతికి తీసుకుని, మీద కూర్చున్నాడు.

"తిప్పు," అన్నాడు.

"డాక్టరమ్మ ఏమన్నదో యాదికున్నదా?"

"వారం దినాలు అలవాటు చేస్కుంటె అదే అలవాటైతది. తిప్పు."

నేను తిప్పలేదు. తనే కాలితో నేలను తన్నాడు. స్టూలు ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. రాళ్ళు చేతిలోంచి జారి బండ మీద పడ్డాయి. నేను పట్టుకునేలోపే ఆయన పక్కకు ఒరిగి, రెండు చేతులతో నేలను పట్టుకున్నాడు. వాంతి అయింది. ఆ రోజంతా ఎడమ పక్కకు తిరగకుండా పడుకున్నాడు. నేను మంచం పక్కన కూర్చుంటే, ఎప్పటికో కళ్ళు తెరవకుండానే అన్నాడు. "ఇగ నేను స్టూలు సారును కాదు."

ఆ మాట తర్వాత నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. కుట్టు మిషను దగ్గరికి పోయి పని లేకపోయినా డబ్బాలు సర్దాను. ఎర్ర ఉన్ని దారం ఉండ ఒకటి చేతికి తగిలింది. నర్సుల పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది. గాజు గిన్నె లోపలి గోడకు దారం ముక్కను ఒక కొసతో అంటించి, గిన్నె నిండా నీళ్ళు పోసి, స్టూలు మీద నడిమధ్యన పెట్టి తిప్పాను. గిన్నె కదిలింది, నీళ్ళు కదలలేదు, దారం వెనక్కి వంగింది. కాసేపటికి నీళ్ళూ గిన్నెతో పాటు తిరగడం మొదలుపెట్టాయి, దారం నిటారుగా అయింది. గిన్నెను ఆపాను. నీళ్ళు ఆగలేదు. దారం రెండో వైపుకు వంగి, నీళ్ళు ఆగేదాకా అలాగే ఉంది.

మంచం దగ్గరికి తీసుకుపోయి చూపించాను. ఆయన మోచేతి మీద లేచి చూశాడు. చాలాసార్లు తిప్పమన్నాడు. ఆ తర్వాత దారం పొడవు తగ్గించమన్నాడు, గిన్నె ఇంకా లోతుది కావాలన్నాడు, నీళ్ళలో సబ్బు కలవకూడదన్నాడు. ఆ మాటలు వింటుంటే ఏ జాతరలోనో తప్పిపోయిన మనిషి దొరికినట్టు అనిపించింది.

"కాలేజీల చెప్తవా?" అన్నాను.

"చెప్తే జబ్బని తెలుస్తది."

"చెప్పకుంటె తాగుబోతువు అంటరు."

ఏది మేలో నాకూ తెలియదు. ఆయన గిన్నెలోకి చూస్తూనే ఉన్నాడు.

పాఠం రోజు గిన్నె, దారం, స్టూలు మోయడానికి నేనూ పోయాను. ప్రిన్సిపాల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఫిర్యాదు చేసిన తండ్రి కూతురు ముందు బెంచీలో ఉంటుందని ప్రిన్సిపాలే నాకు ముందు చెప్పాడు. రెండు జడలు, కళ్ళద్దాలు. ఆ పిల్లే మొదట నోరు తెరిచింది.

"సార్, స్టూలు మీద గిన్నె పెట్టిన్రు. మరి మీరేడ కూసుంటరు?"

వెనక బెంచీల నుంచి ఒక మొగపిల్లాడి గొంతు, వినబడీ వినబడనట్టు వచ్చింది. "సారుకు పొద్దుగాలనే తిరుగుడు అయిపోయిందిరా." నవ్వులు లేచాయి. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. నేను నేల వైపు చూశాను.

"అయిపోయింది బిడ్డా," అన్నాడు మా ఆయన. "రోజు అయితున్నది. ఇయ్యాల గదే పాఠం."

 పిల్లలను గిన్నె చుట్టూ నిలబెట్టాడు. తిప్పాడు, ఆపాడు. దారం ఎటు వంగిందో వాళ్ళచేతే చెప్పించాడు. గిన్నె ఆగాక నీళ్ళు ఎందుకు ఆగలేదని అడిగాడు. జడత్వం అన్నారు కొందరు. ద్రవ్యవేగం పోవడానికి దానికి ఆసరా కావాలె, గిన్నె గోడ రాపిడితో మెల్లమెల్లగా పోతుంది అని ఒకబ్బాయి చెప్పాడు. శభాష్ అన్నాడు. అప్పుడు తన ఎడమ చెవిని చూపించి, ఇలాంటి గిన్నెలు లోపల మూడు ఉంటాయని చెప్పాడు.

"నా చెవుల గిన్నె తిరగకుండనే దారం వంగుతున్నది. నేల కదలకున్నా కదిలినట్టు అనిపిస్తది. అప్పుడు ఏ గోడ దొరికితే ఆ గోడ పట్టుకుంట. ఎవ్వరి గోడని చూడ."

ఎవ్వరూ నవ్వలేదు. కళ్ళద్దాల పిల్ల మాత్రం గిన్నెలోంచి చూపు తీయకుండా అడిగింది.

"తాగినోళ్ళకు గూడ గిట్లనే అయితదా సార్?"

 ఆ పిల్ల వెక్కిరించడం లేదు. నిజంగానే అడుగుతోంది. దానికి ఇంట్లో ఒక మాట చెప్పి పంపారు, ఇక్కడ ఇంకో మాట వింటోంది.

"అయితది," అన్నాడు. "తాగినా చెవులున్న గీ దారమే వంగుతది. అందుకే బయటికెంచి చూస్తె ఇద్దరు ఒక్కతీరుగ కనబడ్తరు."

నేను తాగను అంటాడని చూశాను. అనలేదు. ఇంటికొచ్చాక ఎందుకనలేదని అడిగితే, అది పాఠంలో లేదన్నాడు.

తర్వాత పిల్లలు స్టూలు ఎక్కే వంతు వచ్చింది. గిన్నె దించారు. ఎవ్వరూ ముందుకు రాలేదు. సారు తిరగనిది ఎవరూ తిరగరాదు కదా. ఆయన స్టూలు వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరున్న ప్రిన్సిపాల్ వైపు చూసి, చివరికి నా వైపు చూశాడు. నేను కొంగు నడుముకు చుట్టుకుని పోయి కూర్చున్నాను. చేతుల్లో రాళ్ళు పెట్టాడు. ఒకసారి తిప్పి, తిరిగేది కళ్ళబడకుండా నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డాడు. తిరుగుతూనే ఆయన వీపు నాకు కనబడింది, పోయింది, మళ్ళీ కనబడింది.

"చేతులు దగ్గరికి తీస్కో," అన్నాడు బల్ల వైపే చూస్తూ, పెళ్ళయిన కొత్తలో అన్నట్టే.

తీసుకున్నాను. అందరూ గీతలైపోయారు. స్టూలు ఆగాక దిగాను. నా చెవుల్లో నీళ్ళు ఆగలేదు. రెండడుగులు పక్కకు తూలి బెంచీ మీద పడబోయి, కళ్ళద్దాల పిల్ల భుజం పట్టుకున్నాను. క్లాసంతా ఘొల్లుమని నవ్వింది. ఆ పిల్లా నవ్వింది. తూలిన మనిషి తాగలేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ నవ్వు సగంలో ఎక్కడో సన్నబడిపోయింది. ఒకరిద్దరు మా ఆయన వైపు చూశారు. ఆయన ఇంకా బల్ల వైపే తిరిగి, చేత్తో చాక్‌పీసు కోసం వెతుకుతున్నాడు.

బయట వరండాలో ప్రిన్సిపాల్ పాఠం చాలా బాగుందన్నాడు. తండ్రులతో తనే మాట్లాడతానన్నాడు. కొంతసేపు చేతులు నలుపుకుని, ఇంకో మాట అన్నాడు. "యేడాది నడువనీ మేడం. ఎండకాలంల చూద్దాం." లెక్కల సారుకు కూడా ఇదే మాట అన్నాడని మా ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. దండం పెట్టి వచ్చేశాం.

స్టూలును కాలేజీలో వదిలేసి, గిన్నెను నా ఒళ్ళో పెట్టుకోలేక ఆయన ఒళ్ళో పెట్టి, స్కూటీ మెల్లగా నడిపాను. కల్లు కాంపౌండ్ దగ్గరికి వచ్చేసరికి ఆయన నా భుజం నొక్కాడు. "ఆపు," అన్నాడు. మళ్ళీ వచ్చింది. బండి పక్కకు తీసి స్టాండు వేశాను. ఆయన దిగి, గిన్నె నా చేతికిచ్చి, ఆ గోడనే పట్టుకుని నిలబడ్డాడు. ముందుకు పోదాం, మెడికల్ షాపు దగ్గర నిలబడదాం అనబోయాను. అనలేదు. గిన్నె చంకలో ఇరికించుకుని నేనూ పక్కన గోడకు చెయ్యి పెట్టి నిలబడ్డాను.

కాంపౌండ్ లోపలి నుంచి ఒకాయన బయటికొచ్చి మమ్మల్ని చూసి దారి ఇచ్చాడు. ఆటోలు పోయాయి. కాలేజీ నుంచి వచ్చే పిల్లలు గుంపుగా రోడ్డుకు అవతలి వైపు నడుస్తున్నారు. కళ్ళద్దాల పిల్ల వాళ్ళలో ఉంది. మమ్మల్ని చూసి ఆగింది. పక్క పిల్ల ఫోను పైకెత్తితే, ఈ పిల్ల దాని చెయ్యి పట్టుకుని ఏదో అన్నది. ఏమన్నదో బండ్ల చప్పుడులో నాకు వినబడలేదు. ఎడమ వైపు నుంచి ఏమన్నా ఆయనకు ఇప్పుడు అసలే వినబడదు. ఫోను కిందికి దిగిందో లేదో కూడా ఒక లారీ అడ్డం రావడంతో చూడలేకపోయాను.

"పోయిందా?" అని అడిగాను.

"ఇంకా తిరుగుతున్నది. జర ఆగు," అన్నాడు గోడను వదలకుండా.